జామీను పందెం

పాడె మీదికి ఎత్తే ముందు, వీధి చివర పూలమ్మే ముసలామె రెండు తమలపాకులు, ఒక వక్క తెచ్చి ఆయన చొక్కా జేబులో పెట్టబోయింది. ఎడమవైపు తడిమింది. కుడివైపు తడిమింది. "ఏంది, జేబే లేదే?" అంది. ఆయన చొక్కాలకు జేబులుండవని అక్కడున్నవాళ్ళలో ముగ్గురు నలుగురికి తెలుసు. ఎవరూ చెప్పలేదు. చివరికి ఆమె ఆకులూ వక్కా ఆయన చేతిలోనే పెట్టి వేళ్ళు మూసింది.

ఆయన చెయ్యి మూసి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆయన్ని వీధిలో అందరూ ముసే అనేవారు. ఫ్రెంచివాళ్ళ కాలం నుంచి ముత్తియాల్‌పేటలో 'అయ్యా' అన్నంత మామూలు మాట అది. తాతల నాటి నుంచి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అరవం చదువుతాడు, ఫ్రెంచి చదువుతాడు. వయసులో ఉన్నప్పుడు ఓడెక్కి సైగాన్ వెళ్ళి, అక్కడ ఒక జూదశాలలో రూలెట్ బల్ల దగ్గర ముప్ఫయ్యేళ్ళు చక్రం తిప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన వెంట వచ్చినవి ఒక తెల్లటి గోలీ, పందేలను దగ్గరికి లాగే పొడుగాటి కర్ర, రెండు అలవాట్లు.

మొదటి అలవాటు జేబుల్లేని చొక్కా. బల్ల దగ్గర పనిచేసేవాడికి జేబు ఉండకూడదని అక్కడ నియమం. పని వదిలి ఎన్నేళ్ళయినా ఆయన దాన్ని వదల్లేదు. చిల్లర ఒక గుడ్డముక్కలో ముడేసి పంచెలో దోపుకునేవాడు. రెండోది, ఏ పని ముగించినా రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు పైకి తిప్పి ఎదుటివాళ్ళకు చూపించడం. నేనేమీ దాచుకోలేదు అని. కూరలమ్మే ఆమెకు డబ్బులిచ్చాక చూపించేవాడు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక చూపించేవాడు. ఒకసారి గుళ్ళో హారతి కళ్ళకద్దుకుని దేవుడికి కూడా చూపించాడు. పూజారి నవ్వాపుకోలేక పళ్ళెం పక్కన పెట్టేశాడు.

నేను యానాం నుంచి ఒక ఆఫీసులో బంట్రోతు పనికి వచ్చి, ఆయన పెరటి గదిలో అద్దెకు దిగాను. అప్పుడు డెబ్బయ్యారో, డెబ్బయ్యేడో సంవత్సరం. ఎనిమిదో తరగతితో నా బడి ముగిసింది కాని చదువు ముగియలేదు. సాయంత్రం ఆఫీసు వదలగానే ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళుండిన వైట్ టౌన్‌లో గ్రంథాలయానికి నడిచేవాణ్ణి. అక్కడున్న తెలుగు బీరువా ఒక్క ఏడాదిలో అయిపోయింది. ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వాల మీద పడ్డాను. తోకచుక్కలు, పట్టుపురుగులు, సంభావ్యత, ఏది కనిపిస్తే అది. వీధిలో నా పేరు 'పుస్తకం తంబి' అయింది. అది ఎగతాళేనని తెలిసినా లోపల సంతోషంగానే ఉండేది.

ముసే ఇంటి ముందు హాల్లో చక్రం ఉండేది. ముత్తియాల్‌పేట వడ్రంగి చేసింది. సైకిలు ముందు చక్రం ఇరుసు దాని అడుగున బిగించారు, అందుకే చప్పుడు లేకుండా తిరిగేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎనిమిది తొమ్మిది మంది చేరేవారు. ఎక్కువమంది సోల్దాలు, అంటే ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకునే ముసలివాళ్ళు. ఆడేది చొక్కా గుండీలతో. ఆట ముగిశాక గుండీలన్నీ మళ్ళీ డబ్బాలోకి వెళ్ళిపోయేవి. గోలీ వేగం తగ్గేటప్పుడు ముసే చెయ్యెత్తి, "ఇంక చెయ్యి పెట్టొద్దు" అనేవాడు. ఆ మాట అంటే ఎంతటివాడైనా చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిందే. భార్యాభర్తలు పోట్లాడుకుంటూ ఆయన అరుగు దాకా వస్తే వాళ్ళకూ అదే చెప్పేవాడు, "చాలు, ఇంక చెయ్యి పెట్టొద్దు." కదిలిపోతున్న బస్సు వెంట పరిగెత్తేవాళ్ళకూ అదే.

"ఒక్క గుండీ ఆలస్యమైతే ఏమవుతుందండీ?" అని నేనొకసారి అడిగాను.

"సైగాన్‌లో ఒకడి మింద జాలిపడి ఒప్పుకున్నా తంబీ. వాడు గెలిచినాడు. మర్నాడు కూడా నేను జాలిపడతానని వచ్చినాడు."

"తర్వాత?"

ఆయన చేతులు చరిచి అరచేతులు చూపించాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన చక్రంలో ముప్ఫయ్యేడు గళ్ళు. పద్దెనిమిది ఎరుపు, పద్దెనిమిది నలుపు, ఒకటి సున్నా, దానిది పచ్చరంగు. ఎరుపు మీద పెట్టినవాడికి ఎరుపు వస్తే ఒకటికి ఒకటి ఇస్తారు, నలుపు వస్తే పోయినట్టు. సున్నా వస్తే పందెం జైల్లో పడుతుంది. గుండీని గీత మీదికి జరిపి, "లోపల కూర్చో" అనేవాడు ముసే. తర్వాతి తిప్పులో తన రంగు వస్తే విడుదల, పెట్టింది తిరిగొస్తుంది, అంతే. వేరే రంగు వస్తే పోతుంది.

అందరికంటే ఎక్కువగా జైల్లో పడేవాడు ఎదురింటి బ్యాండు మామ. సోల్దాల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ముసేకు చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోకుండా ఒక్కరోజు గడవదు. ఆయన కూతురు కన్నమ్మ అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆ ఇల్లు నడిచేది దాదాపు ఆ మిషను మీదే. ముసే జేబుల్లేని చొక్కాలు కూడా ఆమే కుట్టేది.

"జేబు గుడ్డ మిగిలిందా పాపా?" అనేవాడు ముసే, కొత్త చొక్కా తొడుక్కుంటూ.

"మిగిలింది ముసే. వచ్చే జన్మలో జేబు పెట్టుకుంటారని దాచిపెడతాండా."

ఒక ఆదివారం ఉదయం ఆయన ఒక పెద్ద అట్ట పట్టుకుని నా గదికి వచ్చాడు.

"తంబీ, నువ్వు రాసేవాడివి గదా. కొత్త పందెం ఒకటి పెడతాండా. పక్కపందెం. నియమాలు రాసియ్యి, గోడకు కొడతా."

"అరవంలో రాయిస్తే అందరూ చదువుతారు కదండీ?"

"ఇంట్లో మేము మాట్లాడేది ఏంది? మా అమ్మ సచ్చేదాకా తెలుగే మాట్లాడె. మాకు ఒక్క అచ్చరం రాదు. మా ఇంటి గోడ మింద ఒక్కసారన్నా ఉండనీ." నా పుస్తకం తెరిచి వేలితో తడిమాడు. "చూడు, మీ అచ్చరాలు ఎంత గుండ్రంగా ఉండాయో. గోలీ వేస్తే తిరిగేటట్టు."

పందెం పేరు జామీను. ఆయన చెప్పింది ఇది: జైల్లో పడ్డవాడు, పడిన దానికి సమానమైంది ఇంకొకటి దాని పక్కన పెట్టవచ్చు. అది జామీను. తన రంగు వస్తే రెండూ వెనక్కి వస్తాయి, జామీనుకు ఒకటికి ఒకటి దక్కుతుంది. వేరే రంగు వస్తే రెండూ పోతాయి.

"మళ్ళీ సున్నా వస్తేనండీ?"

"ఏం గాదు. రెండూ ఆడనే ఉంటాయి. రంగు వచ్చేదాకా తిప్పుతాండాల."

ఆ సాయంత్రం గ్రంథాలయంలో రూలెట్ గురించి ఏముందో వెతికాను. ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో నాలుగు పేజీలు దొరికాయి. జైలు నియమం అందులో ఉంది. రెండోసారి సున్నా వస్తే పందెం పోయినట్టేనని ఉంది. ప్రతి పందెంలోనూ బల్లకు కొంత వాటా మిగిలేట్టే నియమాలు కడతారని కూడా ఉంది. కాగితం మీద లెక్క వేశాను. ముసే చెప్పినట్టయితే ఎరుపుకు పద్దెనిమిది, నలుపుకు పద్దెనిమిది, సున్నా లెక్కలోకే రాదు. అంటే జామీను పందెంలో చక్రానికి మిగిలేది ఏమీ లేదు. పెద్దవాడైపోయాడు, మరిచిపోయాడు అనుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు చక్రం తిప్పిన మనిషి తప్పును నేను నాలుగు పేజీల్లో పట్టుకున్నానన్న ఆనందం ఎంతటిదంటే, ఆయన్ని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. దిద్దేశాను. సరళంగా రాస్తే నియమంలా ఉండదని గ్రాంథికంలో రాశాను: "పునః శూన్యము పడిన యెడల పణమును జామీనును రెండును చక్రమునకే చెందును."

గోడకు కొట్టాక గొంతు పెంచి చదివాను. సోల్దాలు చేతులు కట్టుకుని విన్నారు. ముసే కళ్ళు మూసుకుని తల ఊపాడు.

"ఏందబ్బా ఇది, అయ్యవారు సంకల్పం చెప్పినట్టుండాది" అన్నాడు బ్యాండు మామ. "ఈ నియమాలకు దక్షిణ ఎంత?"

అందరూ నవ్వారు. ముసే మాత్రం నవ్వకుండా అట్టను చూపించి అన్నాడు, "ఇంక నా నోరు లేదు. అందులో ఏముంటే అదే."

ఆ రోజు విల్లియనూరు నాయుడు నాతో బస్టాండు దాకా నడిచాడు. విల్లియనూరులో పశువుల బేరం చేసేవాడు, ఆదివారాలు ఆటకు వచ్చేవాడు. "నువ్వు చదివింది ఒక్క ముక్క అర్థం కాలేదు తంబీ" అంటే, ఒక్కొక్క నియమం విప్పి చెప్పాను. రెండో సున్నా దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఆగి, పుస్తకం పేరు కూడా చెప్పాను.

జులై పద్నాలుగు ఫ్రెంచివాళ్ళ జాతీయ దినం, సోల్దాలకు పండగ. పొద్దున పతకాలు పెట్టుకుని ఊరేగింపు, మధ్యాహ్నం ముసే ఇంట్లో ఆట. ఆ ఒక్కరోజు గుండీలు ఉండవు, ఇంట్లోంచి తెచ్చిన వస్తువులు పెడతారు. గొడుగు, సీసా, గడియారం. గెలిచినవాడు చక్రానికి పోయినవాటిలో సమానమైంది ఏరుకోవచ్చు. పొద్దు వాలేసరికి ఎవరి వస్తువు పోకుండా మిగిలితే బల్ల మీదున్నవన్నీ వాళ్ళవి. చక్రం తిప్పేవాడికి ఏమీ రాదు. అది ముసే పెట్టిన కట్టుబాటు.

ఆ ఏడు సాయంత్రానికి మిగిలింది నాయుడు, బ్యాండు మామ. బల్ల మీద నాయుడు అంతకుముందు పోగొట్టుకున్న ట్రాన్సిస్టర్ రేడియో ఉంది; అది పోయాక అతను చేతి గడియారంతో ఆడుతున్నాడు. బ్యాండు మామ కళ్ళు దాని మీదే.

"కన్నమ్మ కుట్టేటప్పుడు పాటలు వింటది" అన్నాడు. చేతిలోని క్లారినెట్ ఎరుపు మీద పెట్టాడు.

గోలీ తిరిగింది. సున్నా.

"లోపల కూర్చో" అని ముసే క్లారినెట్‌ను గీత మీదికి జరిపాడు. అందరూ నవ్వారు. "పొద్దున ఊరేగింపులో అపస్వరం వాయించినావు, అందుకే జైలు!" అన్నారెవరో.

బ్యాండు మామ లేచాడు. "జామీను తెస్తాండా ఉండండి" అంటూ వీధి దాటి వెళ్ళాడు. కన్నమ్మ మార్కెట్టుకు పోయింది. ఆయన తిరిగొచ్చినప్పుడు భుజం మీద కుట్టుమిషను తల ఉంది. సూదికింకా దారం వేలాడుతోంది.

"అది నీది గాదు" అన్నాడు ముసే.

"నా ఇంట్లోది నాది గాకపోతే ఎవరిది? సమానమైంది పెట్టమన్నావు, పెట్టినా. కూతురిది పెట్టకూడదని అట్ట మింద ఉండాదా? చదవమను తంబిని."

నేను చదివాను. అలాంటిదేమీ లేదు.

ముసే చక్రాన్ని చేత్తో ఆపిపట్టాడు. "ఆలోచించుకో."

"ఆలోచించేది ఏముండాది? నీ చక్రమేగా. తిప్పు."

తిప్పాడు. "ఇంక చెయ్యి పెట్టొద్దు" అన్నప్పుడు ఆయన గొంతు రోజూ ఉన్నంత గట్టిగా లేదు. గోలీ రెండు గళ్ళ మీద ఎగిరి, మూడోదాంట్లో పడి, నిలిచింది.

సున్నా.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ముసే ముఖంలో రక్తం తిరిగొచ్చింది. గోలీ తీసి మళ్ళీ తిప్పడానికి చక్రం పట్టుకున్నాడు.

"ఉండండి ముసే" అన్నాడు నాయుడు. "రెండోసారి సున్నా వస్తే పోయినట్టేనంట. తంబి చెప్పినాడు నాకు. చదవమనండి."

ముసే నా వైపు తిరిగాడు.

ఆ గదిలో తెలుగు చదవగలిగింది నేనొక్కణ్ణే. నేను ఏం చదివితే అదే నియమం. 'రెండును అచ్చటనే నిలుచును' అని చదివినా కాదనేవాడు లేడు. లేదా, ముసే చెప్పింది ఇది కాదు, నేను మార్చాను అని ఒక్క మాట అనవచ్చు. నేను అట్ట మీద ఉన్నది ఉన్నట్టు చదివాను. నిజాయితీగా చదివానని నాకు నేను చెప్పుకున్నాను కూడా.

"తెలుగులో చెప్పు" అన్నాడు ముసే.

"రెండూ చక్రానికే పోతాయండి."

"అట్లానే రాసుండాదా?"

"అవునండి."

ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. తర్వాత కర్ర తీసుకుని ముందు క్లారినెట్‌ను, ఆ తర్వాత మిషనును మెల్లగా తన వైపు లాగాడు. బల్ల గుడ్డ మిషను కింద ముడతలు పడింది. చేతులు చరిచి, అరచేతులు చూపించాడు.

"నా కూతురి మిషను తినేదానికి నియమం రాయించుకున్నావా రా?" అన్నాడు బ్యాండు మామ. గట్టిగా కూడా అనలేదు.

ముసే కర్రను గోడకు ఆనించి పెట్టాడు.

అప్పుడు గుమ్మంలో కన్నమ్మ కనిపించింది. ఇంటికొచ్చి మిషను లేని ఖాళీ బల్ల చూసుకుని, ఇటు వచ్చినట్టుంది. చేతిలో సగం కుట్టిన తెల్ల చొక్కా ఉంది.

"ముసే, మీ చొక్కాకి ఇంకా ఒక చెయ్యి కుట్టాల" అంది.

పొద్దు వాలేసరికి మిగిలింది నాయుడే కాబట్టి బల్ల మీదున్నవన్నీ అతను పట్టుకెళ్ళాడు. మర్నాడు ముసే విల్లియనూరు బస్సెక్కాడు. చక్రాన్ని నాయుడికిచ్చి, బదులుగా మిషను, క్లారినెట్ తీసుకొచ్చాడు. రెండింటినీ ఎదురింటి అరుగు మీద పెట్టి, అరచేతులు చూపించి వచ్చేశాడు. కన్నమ్మ మిషను లోపలికి తీసుకుంది. బ్యాండు మామ ఆ రోజు నుంచి వీధిలో ముసే ఎదురైతే తల తిప్పుకునేవాడు. క్లారినెట్ మళ్ళీ వాయించలేదు. ఊరేగింపులకు పోవడం మానేశాడు. చక్రం సంగతి తర్వాత తెలిసింది. విల్లియనూరు తేరు పండగలో నాయుడు దాన్ని ఒక డేరాలో పెట్టించాడట, చక్రం తనకు కావాల్సినచోట ఆగేలా అడుగున కాలితో నొక్కే అడ్డు ఒకటి బిగించి. ఆ మాట ముసేకు చెప్పినవాడికి ఆయన "ఇంక చెయ్యి పెట్టొద్దు" అని మాత్రం అన్నాడట.

నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అద్దె పెంచలేదు. పండగకు పాయసం పంపడం మానలేదు. అదే నన్ను తినేసేది. గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి, పేజీలు తిప్పేవాణ్ణి. ఆ లావుపాటి పుస్తకం ఉన్న అర వైపు మాత్రం వెళ్ళేవాణ్ణి కాదు.

అయిదారేళ్ళకు, ఒక ఉదయం సముద్రం ఒడ్డున గోడ మీద ఆయన పక్కన కూర్చుని చెప్పేశాను. నేనే మార్చానని.

"తెలుసు" అన్నాడు. "ఆ పొద్దే తెలుసు. నేను చెప్పింది నేను మరిచిపోతానా?"

"మొదటిసారి చదివినప్పుడే అనలేదేమండీ?"

"నువ్వు చదివింది అర్థమైతే గదా. అడిగేదానికి సిగ్గేసింది. మా అమ్మ భాష గదా."

"మరి ఆ రోజు, అందరి ముందూ..."

"చెప్తే ఏమయ్యేది? బ్యాండు వాడు నిన్ను కొట్టేవాడు. ఆ వీధిలో నువ్వు ఉండేదానికి లేదు. ఇంకోటి, అందులో ఏముంటే అదే అన్నది నేను గదా. అప్పుడొకటి ఇప్పుడొకటి అంటే, ఇన్నేళ్ళు నేను తిప్పిందంతా ఏంది?" గోడ మీది ఇసుక చేత్తో దులిపాడు. "ఎందుకు మార్చినావు తంబీ?"

"చక్రానికి ఏమీ మిగలడం లేదని. పుస్తకంలో..."

"మిగలకూడదనే గదా." ఆయన నా వైపు తిరిగాడు. "ముప్ఫై ఏండ్లు చక్రానికి లాగినా. ఎవుడు ఏ రంగు మింద పెట్టినా కడాన చక్రానిదే. ఒక్క పందెం, ఒక్కటంటే ఒక్కటి, అటూ ఇటూ సమానంగా ఉండాలని ఎన్ని రాత్రులు ఆలోచించినానో. జైల్లో పడినోడికి ఆ ఒక్కచోట అన్యాయం లేకుండా. నువ్వు చదువుకున్నోడివి, ఆడ కూడా చక్రానికి వాటా పెట్టినావు."



"బ్యాండు వాడికి చెప్పు" అన్నాడు లేస్తూ. "నేను చెప్తే తప్పించుకునేదానికి చెప్పినట్టుంటది. నువ్వే చెప్పాల. నేనుండంగానే."

చెబుతానన్నాను. మర్నాడు ఎదురింటి అరుగు దాకా వెళ్ళాను. మిషను ఆపి కన్నమ్మ తలెత్తితే, చొక్కాకు గుండీ కుట్టిపెట్టమని అడిగి వచ్చేశాను. ఆ తర్వాత ముసే కనిపించినప్పుడల్లా కళ్ళతో అడిగేవాడు. నేను కళ్ళు దించుకునేవాణ్ణి. అలా రెండేళ్ళు. మొన్న మంగళవారం ఆయన పోయాడు.

పాడె కదలకముందు బ్యాండు మామ వీధి దాటి వచ్చాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ గుమ్మం ఎక్కడం. చక్రం ఉండే చోట నిలబడి, గోడ మీది అట్టను చూశాడు. దాన్ని ముసే తీసెయ్యలేదు. చదవలేని అక్షరాలను ఆ ముసలాయన చాలాసేపు చూశాడు. నేను ఆయన పక్కకు వెళ్ళి అంతా చెప్పాను. ముసే ఏం చెప్పాడో, నేను ఏం రాశానో. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"రెండోసారి సున్నా పడితే ఆడనే ఉండాలన్నాడా?"

"అవునండి. రంగు వచ్చేదాకా తిప్పాలన్నారు."

"వాడే అన్నాడా?"

"ఆయనే."

బ్యాండు మామ అట్ట మీద చివరి వరుసను వేలితో తడిమాడు. అదే చివరి నియమమని ఆయనకు ఎలా తెలిసిందో. తర్వాత పాడె వైపు, ఆకులు పట్టుకుని మూసుకున్న ఆ చేతివైపు చూశాడు.

"అయితే ఆ తిప్పు ఇంకా బాకీ ఉండాది" అన్నాడు. "నా క్లారినెట్టు ఇంకా జైల్లోనే ఉండాది గదా తంబీ. తిప్పేవాడు పోయె."